పక్కింటి కుర్రాడి జబ్బు

"మా పక్కింటి కుర్రాడికి ఇరవై దాటాయి. బుద్ధిమంతుడు. ఈమధ్య ఉన్నట్టుండి పడిపోతున్నాడు. ఇది ఏ జబ్బు? ఏం మందు వాడాలి? తెలిసినవారు దయచేసి చెప్పగలరు."

ఇంగ్లీషు అక్షరాల్లో కొట్టిన ఆ తెలుగు మాటల్ని విజయ కుమారి ఇంకోసారి చదువుకుంది. పక్కింట్లో అలాంటి కుర్రాడెవడూ లేడు. పక్కింట్లో ఉన్నది రిటైర్మెంటుకి దగ్గరపడ్డ బెంగాలీ రైల్వే గార్డు, ఆయన భార్య, పంజరంలో ఒక చిలక. పడిపోతున్నది తన కూతురు బ్యూలా.

కలకత్తా పక్కన లిలువా స్టేషను బయట మిఠాయి కొట్టు మేడ మీద మృత్యుంజయ అద్దె కంప్యూటర్లు పెట్టుకుని కూర్చునేవాడు. యాభై దాటిన మనిషి. చలికాలం వచ్చిందంటే మఫ్లరు మెడ నుంచి దిగదు. కుర్చీలోంచే మెడ సాచి, "అయిందా బౌదీ? మీ తెలుగువాళ్ల సైటు తెరుచుకుందా?" అని బెంగాలీలో అడిగాడు. బౌదీ అంటే వదిన.

"అయింది దాదా. ఇటు చూడకండి."

"చూస్తే మాత్రం నాకేం అర్థమవుతుంది? వంట సంగతే అయ్యుంటుంది. చింతపండు లేకపోతే మీవాళ్లకి మాట కూడా పెగలదు."

విజయ కుమారి నవ్వి, పంపే బొత్తాం నొక్కేసింది. పెళ్లికి ముందు విశాఖలో నేర్చుకున్న టైపు ఇన్నాళ్లకి ఇలా అక్కరకొచ్చింది. ఆ సైటు సంగతి బ్యూలాయే చెప్పింది. ఎక్కడెక్కడి తెలుగువాళ్లో అందులో ఒకరినొకరు సలహాలు అడుగుతారట. ఊరు, పేరు చెప్పనక్కర్లేదట. ఆ చివరి మాటే ఆమె మనసుకి పట్టింది.

ఏ డాక్టరైనా మొదట అడిగేది పేరే. ఆ తర్వాత చీటీ మీద జబ్బు పేరు రాస్తాడు. భర్త జయరాజు క్యారేజీ వర్క్‌షాపులో ఫిట్టరుగా పనిచేస్తూ, ఏడాదిన్నర కిందట వానల ముందు గుండె ఆగి పోయాడు. ఆ ఉద్యోగం బ్యూలాకి ఇప్పించాలని యూనియన్ ఆఫీసు మెట్లెక్కి దిగి, ఎర్ర జెండాల ఊరేగింపుల్లో ఎండలో నడిచి, ఫైలు కదిలించుకుంది విజయ కుమారి. పరీక్ష కూడా అయిపోయింది. మిగిలింది మెడికలే. ఆ ఉద్యోగం వస్తే క్వార్టరు ఉంటుంది, అత్తగారి మందులుంటాయి. ఈ లోపల బ్యూలాకి ఫిట్సని బయట పొక్కితే ఇక చెప్పేదేముంది? కాలనీ వెనకే రైల్వే ఆసుపత్రి. చేతిలో కార్డుంది. కానీ మెడికల్ చేసేదీ ఆ ఆసుపత్రిలోనే. అక్కడికి వెళ్లి చీటీ రాయించుకోవడమంటే తన బండికి తనే ఎర్ర జెండా చూపించుకోవడం.

మొదటిసారి పడింది క్రిస్మస్‌కి ముందు. స్నానానికి వెళ్లిన పిల్ల ఎంతకీ రాలేదు. మగ్గు దొర్లిన చప్పుడైంది. తలుపు కొడితే పలుకు లేదు. గడియ పాతది, గట్టిగా నెడితే ఊడింది. బ్యూలా నేలమీద పడి ఉంది. కళ్లు పైకి తేలిపోయాయి, చేతులు బిగుసుకుపోయాయి. ఒంటికి చీర చుట్టి హాల్లోకి ఈడ్చుకొచ్చి కిటికీ కింద పడుకోబెడితే, కాసేపటికి కళ్లు తెరిచి వాంతి చేసుకుంది.

"తల పగిలిపోతోందమ్మా," అంది.

విజయ కుమారి అత్తగారు రోజమ్మ మంచం మీంచి లేవకుండానే తలుపువైపు చూసింది. "తలుపెయ్యే ఇజయా. ఎవులైనా వింతారు."

"డాక్టరుకి చూపించాలి అత్తా."

"ఏటని సెప్తావు? గుంటకి ఫిట్సని సెప్తావా? ఆ మాట నోట్లోంచి రానీకు. మెడికల్లయ్యేదాకా పెదాలు కుట్టేసుకో. పార్దన సేసుకుందాం."

ప్రార్థన చేసుకున్నారు. శుక్రవారం కూడికలో మనవులు చెప్పేటప్పుడు వాళ్ల సంఘంలో ఎవరూ పేరు పెట్టరు. "ఒక కుటుంబంలో ఒక బిడ్డ ఆరోగ్యం కోసం" అంటారు. అందరూ కళ్లు మూసుకుంటారు. ఏ కుటుంబం, ఏ బిడ్డ, ఏం అనారోగ్యం అని అడగడం మర్యాద కాదు. అడగాల్సిన పనీ లేదు, వినేవాడికి అన్నీ తెలుసు. కోడలిగా లిలువా వచ్చిన దగ్గర్నుంచీ విజయ కుమారి కష్టం వచ్చినప్పుడు అడిగిన తీరు అదొక్కటే. కంప్యూటరు ముందు కూర్చున్నా ఆమె వేళ్లకి అదే వచ్చింది.

రెండ్రోజుల తర్వాత వెళ్తే జవాబులు వచ్చి ఉన్నాయి. ఒకావిడ చేతిలో ఇనుప తాళంచెవి పెట్టమంది. ఇంకొకాయన రక్తం తక్కువై ఉంటుంది, బీట్‌రూట్ పెట్టమన్నాడు. ఒకడు, "ప్రేమలో పడి ఉంటాడు ఆంటీ, వాళ్లమ్మకి చెప్పండి," అని పళ్లికిలించే బొమ్మ తగిలించాడు. అన్నిటికీ కింద 'కంచుగంట' అని పేరు పెట్టుకున్న మనిషి రాసింది ఉంది.

"అమ్మా, ఇది దేవుడికి పెట్టుకునే మొరలాగుంది. ఆయనకి మిగతాదంతా తెలుసు. మాకు తెలీదు. ఏ జబ్బని అడక్కండి, మీరు చూసింది చెప్పండి. ఎక్కడ పడతాడు? పడేముందు ఏం చేస్తుంటాడు? మళ్లీ ఎలా తేరుకుంటాడు? ఇది మొదలవకముందు లేనిది, ఇప్పుడు ఆ ఇంట్లో ఉన్నది ఏమిటి? ఇవి లేకుండా జవాబు చెప్పేవాళ్లని నమ్మకండి."

విజయ కుమారికి మొహం వేడెక్కింది. అడిగినదానికి చెప్పకుండా ఎదురు ప్రశ్నలేమిటి? ముక్కూ మొహం తెలియని మనిషికి, మగాడే కావచ్చు, కన్నపిల్ల ఒంటిమీద గుడ్డలేకుండా పడి ఉన్న సంగతి రాయాలా? స్నానాల గది అనే మాటే ఆమె వేళ్లకి రాలేదు. చివరికి ఇలా కొట్టింది: "ఆఫీసులో కుర్చీలో కూర్చుని ఉండగా పడతాడు. ముందు ఏమీ చేయడు. కొత్తగా ఏమీ లేదు."

పక్కింటి కుర్రాడికి ఆఫీసు, కుర్చీ అలా వచ్చాయి.

ఆమె ఇంకా అక్కడే కూర్చుని ఉండగా 'డాక్టర్ బాబు' అనేవాడి జవాబు వచ్చింది. కూర్చున్నవాడు పడితే మూర్ఛే, ఫలానా మాత్ర రాత్రి ఒకటి చాలు అన్నాడు. విజయ కుమారి ఆ పేరు అరచేతిలో రాసుకుని మెట్లు దిగింది. హౌరాలో ఎవరూ తెలియని దుకాణానికి బస్సెక్కి వెళ్లి కొనుక్కొచ్చింది. మర్నాడు బంద్. కొట్లన్నీ మూసేశారు, మృత్యుంజయ షట్టరూ దిగే ఉంది. ఆ తర్వాత ఇంటి పనుల్లో పడిపోయింది. ఎలాగూ మందు దొరికింది కదా.

మాత్ర వేసుకుంటే బ్యూలా పొద్దెక్కినా లేవలేకపోయేది. మాట ముద్దగా వచ్చేది.

"ఇదేం మాత్ర అమ్మా?"

"బలానికి."

"బలమొస్తే ఇంత నిద్రేంటి? కంప్యూటరు క్లాసులో కుర్చీలోనే నిద్రపోయాను. సార్ నన్ను చూసి, మేడమ్‌కి చాయ్ తెండి అన్నాడు." బ్యూలా నవ్వింది. ఆ నవ్వు కూడా ఆలస్యంగా వచ్చింది.

మరిది కృపాదానం ఆ ఆదివారం మందిరం నుంచి నేరుగా వచ్చాడు. షాలిమార్ గూడ్సు యార్డులో పని. వచ్చినప్పుడల్లా ఏదో ఒకటి బాగుచేసి పోతాడు. క్రిస్మస్ ముందు గీజరు బిగించిందీ అతనే. యార్డు దగ్గర ఏదో పాత ఇల్లు పడగొడుతుంటే చవగ్గా తెచ్చాడు. వంటింటి గోడకి కన్నం పెట్టి, సిలిండరు నుంచి గొట్టం లాగి స్నానాల గదిలో తగిలించాడు.

"నీల్లెలగున్నాయి వదినా?"

"పొగలు కక్కుతున్నాయి. చలికాలం తెలీటం లేదు."

"మరేటనుకున్నావు! అన్నయ్యుంటే మెచ్చుకునేవోడు. ఏటే బ్యూలా, అలగ వాలిపోయేవు? మెడికల్లంటే బయమేటి? కల్లు సూత్తారు, సెవులు సూత్తారు, అంతే. నీ నోరు సూడరు, లేపోతే ఎప్పుడో ఫెయిలు."

"బాబాయ్, ఛాడో నా," అంది బ్యూలా బెంగాలీలో, వదిలెయ్యమన్నట్టు.

అతనికి ఏమీ చెప్పలేదు. అతను వెళ్లాక రోజమ్మ కోడల్ని మంచం దగ్గరికి పిలిచింది. "గుంటకి గాలి సోకింది. వొంట్లో సలవ దూరింది. మాత్రొక్కటే సాలదు. బాగా కాగిన నీల్లతో తానం సెయ్యాల. గాలి తగలకూడదు."

గాలి తగలకుండా పైన ముందే అట్ట కొట్టి ఉంది. క్వార్టర్ల వెనక గోడ అవతల కొత్త ఫ్లాట్లు లేస్తున్నాయి. పనివాళ్లు వెదురు పరంజా ఎక్కితే స్నానాల గది వెంటిలేటరు గూడు సరిగ్గా వాళ్ల కళ్లకి ఎదురు. గీజరు పెట్టిన వారానికే విజయ కుమారి పాత క్యాలెండరు అట్ట తెచ్చి ఆ గూటికి మేకులు కొట్టేసింది. ఇప్పుడు రోజమ్మ మాట మీద తలుపు కింద సందుకి తువ్వాలు మడిచి పెట్టడం మొదలైంది. విజయ కుమారిది రెండు చెంబుల స్నానం, అంతసేపు లోపల ఉండదు. తువ్వాలు ఒద్దికగా పెట్టే పని రోజమ్మదే. కీళ్ల నొప్పులతో ఆ గదిలోకి దిగలేదు, వంటింటి గడప దగ్గరే బకెట్టుతో ఒళ్లు తుడుచుకుంటుంది. కానీ గోడ పట్టుకుని నడిచివెళ్లి మనవరాలు గడియ వేసుకోగానే వంగి, సందు మూసేది. ఊడిన గడియ బదులు కృపాదానం కొత్తది, గట్టిది బిగించాడు.

మళ్లీ పడింది. ఈసారి మాత్ర వేసుకుంటుండగానే పడింది. గడియ అప్పటికే తీసింది కాబట్టి సరిపోయింది. సగం నీళ్లు పోసుకున్నాక, సబ్బు మరిచిపోయానని తలుపు తీసి అడుగుతూ, అడుగుతూనే ఒరిగిపోయింది. ఈడ్చుకొచ్చి పడుకోబెట్టాక విజయ కుమారి గోడకి ఆనుకుని కూర్చుంది. ఆమెకీ తల దిమ్మెత్తిపోయింది, కణతలు కొట్టుకుంటున్నాయి. ఏడుపు ఆపుకోవడం వల్లేననుకుంది.

తేరుకున్న పిల్ల మొహం చూసి రోజమ్మ అంది, "సూడు, బుగ్గలు ఎంత ఎర్రగున్నాయో. రగతం పడతంది."

ఆ వారంలో స్నానాల గది ఊడుస్తుంటే మూల బల్లి చచ్చి పడి ఉంది. ఎవరూ కొట్టలేదు, తొక్కలేదు. తిరగబడి, కాళ్లు ముడుచుకుని ఉంది. చీపురుతో బయటికి నెట్టేసింది. గీజరు పైన గోడ నల్లగా మసిబారుతోంది. గుడ్డతో తుడిస్తే పోయేది, మర్నాటికి మళ్లీ వచ్చేది. మొదట్లో నీలంగా ఉండే మంట ఇప్పుడు పసుపుగా, నాలుకలా ఊగుతోంది. ఇంట్లో పాత వస్తువుకి వంకలు మామూలే. కృపాదానం వచ్చినప్పుడు చెప్పాలనుకుంది.

మెడికల్‌కి కబురొచ్చింది. సోమవారం పొద్దున్నే హాజరు కావాలి.

శనివారం మధ్యాహ్నం భోజనాలయ్యాక విజయ కుమారి మళ్లీ మృత్యుంజయ మేడ ఎక్కింది. మాత్ర ఎక్కువ వేస్తే సోమవారం దాకా పడకుండా ఉంటుందా అని అడగాలనుకుంది. మాత్ర చెప్పినవాణ్ణే అడుగుదామని తెరిచింది. కంచుగంట రాసినవి రెండు ఆమె కోసం ఎదురుచూస్తున్నాయి. ఒకటి బంద్ రోజుది.

"మాత్ర పేరు పట్టుకుని కొనకండి. కుర్చీ నిజమైతే వెంటనే డాక్టరు దగ్గరికి పంపండి. నిజం కాకపోతే ఆ మాత్ర మేలు చేయదు, కీడే చేస్తుంది."

రెండోది నిన్నటిది.

"అమ్మా, ఇన్నాళ్లయినా మీరు రాలేదు. కటువుగా రాశానేమో. పక్కింటి కుర్రాడి కోసం ఎవరూ ఇంత భయంగా అడగరు. మీరెవరో నాకు అక్కర్లేదు. నాకు కళ్లు లేవనుకోండి, మీరు ఆ గదిలో నిలబడి ఉన్నారనుకోండి. ఏం కనిపిస్తే అది చెప్పండి. బాగుండదని ఏదీ దాచకండి. దాచినదాంట్లోనే ఉంటుంది."

విజయ కుమారి కీబోర్డు మీద వేళ్లు పెట్టింది. వెనక మృత్యుంజయ రేడియోలో క్రికెట్ వింటున్నాడు. కింద మిఠాయి కొట్లో నూనె వాసన.

"మా అమ్మాయికి ఇరవై రెండేళ్లు," అని కొట్టింది. "పడిపోయేది స్నానాల గదిలో."

ఆ మాట చెరిపేసింది. మళ్లీ కొట్టింది.

"పడిపోయేది స్నానాల గదిలో. ఇంకెక్కడా పడదు. బస్సులో పడలేదు, మందిరంలో పడలేదు, క్లాసులో పడలేదు. తలుపు గడియ వేసుకుని వేడినీళ్లతో స్నానం చేస్తుండగా పడుతుంది. కళ్లు తేలిపోతాయి, చేతులు బిగుస్తాయి. హాల్లోకి తెచ్చి కిటికీ కింద పడుకోబెడితే దానంతటదే తెలివి వస్తుంది. వాంతి అవుతుంది. తలనొప్పి అంటుంది. ఎండాకాలంలో లేదు. వానల్లో లేదు. క్రిస్మస్ ముందు మొదలైంది. అప్పుడు కొత్తగా వచ్చింది గ్యాసు గీజరు. మంట నీలంగా ఉండేది, ఇప్పుడు పసుపుగా ఉంటోంది. గోడ మసిబారుతోంది. పైన గూటికి నేనే అట్ట కొట్టాను. తలుపు కింద మా అత్తగారు తువ్వాలు పెడుతుంది. మొన్న లోపల బల్లి చచ్చి ఉంది. బిడ్డని ఎత్తుకొచ్చిన ప్రతిసారీ నాకూ తల పగిలిపోతోంది."

నాకూ.

ఆమె వేళ్లు అక్కడ ఆగిపోయాయి. తను రాసింది పైనుంచి చదివింది. బిడ్డకి జబ్బైతే తనకెందుకు తలనొప్పి? బల్లికెందుకు?

గీజరు, అట్ట, తువ్వాలు. గది నాలుగువైపులా మూసేసి లోపల మంట పెట్టి, ఆ గదిలోకి పిల్లని పంపిస్తున్నారు. ఇంకా బాగా మూయమని ఒకరికొకరు చెప్పుకుంటున్నారు.

తను బయల్దేరేటప్పుడు రోజమ్మ బ్యూలాతో, "రేపు మందిరానికెల్లాల, ఎల్లుండి మెడికల్లు, ఇయాల బేగి తలంటుకో," అనడం గుర్తొచ్చింది.

"దాదా, ఫోను. ఫోను ఇవ్వండి."

ఆ గొంతు విని మృత్యుంజయ రేడియో ఆపి, ఫోను ముందుకు తోశాడు. ఇంట్లో ఉన్న ఒక్క మొబైలు మోగుతోంది. మోగుతోంది. ఆగిపోయింది. మళ్లీ కొట్టింది. రోజమ్మకి ఏ బొత్తాం నొక్కాలో ఎప్పుడూ గుర్తుండదు.

"అలో... ఎవులు?"

"అత్తా, నేను. బ్యూలా ఏది?"

"తానానికెల్లింది."

"ఎప్పుడు?"

"నువ్వెల్లిన కాసేపటికే. బాగా వేడిగా పోసుకోమన్నాను. తువ్వాలెట్టేను."

"మాట్లాడుతోందా? పాట ఏమన్నా వినిపిస్తోందా?"

"నీల్ల సప్పుడు వినబడతంది."

"మగ్గుతో పోసుకుంటున్న చప్పుడా, ఊరికే పడుతున్న చప్పుడా?"

రోజమ్మ ఆగింది. "ఊరికే," అంది. "ఏటే?"

"అత్తా, చెప్పినట్టు చెయ్యి. వంటింట్లోకి వెళ్లు. సిలిండరు కట్టెయ్యి. ఫోను చేతిలోనే ఉంచుకో."

"గుంట నెత్తిన సబ్బుతో ఉంతాది, నీల్లు సల్లబడిపోతే..."

"కట్టెయ్యి! ఆ మంట వల్లే పడిపోతోంది. గాలి లేక. అది జబ్బు కాదు అత్తా, దానికి ఏ జబ్బూ లేదు. కట్టావా?"

గోడకి చెయ్యి రాసుకుంటున్న చప్పుడు. ఆయాసం. "కట్టేను."

"తువ్వాలు లాగెయ్యి. తలుపు కొట్టు. పేరు పెట్టి పిలు."

టపటపమని కొట్టడం వినిపించింది. బ్యూలా, ఒలే బ్యూలా. నీళ్లు. మళ్లీ కొట్టడం.

"పలకటం లేదే ఇజయా."

"బయటికెళ్లి అందర్నీ పిలు. గార్డుగారిని పిలు, పైవాళ్లని పిలు. తలుపు పగలగొట్టమను."

"తానం గదికి మగోల్లని పిలవమంతావేటే? ఎల్లుండి మెడికల్లెట్టుకుని, పదిమందికీ..."

"పిలు అత్తా! మా బ్యూలా పడిపోయింది, మా బ్యూలా అని కేకెయ్యి. పేరు పెట్టి కేకెయ్యి."

ఫోను ఎక్కడో పడిన శబ్దమైంది. దూరంగా, ఎప్పుడూ వీధి గుమ్మం దాటి వినపడని రోజమ్మ గొంతు, బొంగురుగా, మనవరాలి పేరు పెట్టి గట్టిగా అరవడం వినిపించింది.

మృత్యుంజయ అప్పటికే తాళాలు అందుకున్నాడు. స్కూటరు తీసి, "ఎక్కండి బౌదీ," అన్నాడు.

వాళ్లు చేరేసరికి క్వార్టరు ముందు జనం. గార్డుగారి చేతిలో ఇనుప కడ్డీ ఇంకా ఉంది. వరండాలో చాప మీద బ్యూలా. ఒంటికి రోజమ్మ చీర చుట్టి ఉంది, తడి జుట్టులోంచి సబ్బు నురగ నేలమీదికి జారుతోంది. బుగ్గలు ఎర్రగా ఉన్నాయి. ఊపిరి ఉందో లేదో చూడటానికి విజయ కుమారి చెంప ఆ పెదవులకి ఆనించింది. ఉంది. చాలా సేపటికి ఒకసారి.

"మిర్గీ," అని వెనకాల ఎవరో హిందీలో గుసగుసలాడారు. ఇన్నాళ్లూ ఏ ఫిట్సు మాటకి భయపడి తలుపులు మూసుకుందో ఆ మాటే. ఆమె తిరిగి చూడలేదు.

పదిమందీ పట్టుకుని రైల్వే ఆసుపత్రికే తీసుకెళ్లారు. దగ్గర్లో ఉన్నది అదే. డ్యూటీలో ఉన్న డాక్టరు కలం తీసి, "ఏమైంది?" అన్నాడు.

విజయ కుమారి చెప్పింది. పేరు, వయసు. ఎక్కడ పడింది, ఎలా పడింది, ఎప్పటినుంచి. గీజరు, అట్ట, తువ్వాలు. ఎవరికీ చూపించకుండా వేసిన మాత్ర పేరు కూడా చెప్పింది. ఏది ముందో ఏది వెనకో తడబడకుండా, ఎవరిదో కథ ఒప్పజెబుతున్నట్టు చెప్పింది. డాక్టరు రాయడం సగంలోనే ఆపి ఆక్సిజను తెమ్మని కేకేశాడు. ఇంకో ప్రశ్న అడగలేదు.

బ్యూలా మర్నాడు పొద్దెక్కాక కళ్లు తెరిచింది. కృపాదానం మంచం కాళ్ల దగ్గర నేలమీద కూర్చుని తల ఎత్తడం లేదు. గీజరు పీకి పారేశానని చెప్పాలని వచ్చి ఆ మాట కూడా చెప్పలేకపోతున్నాడు.

"అమ్మా, మెడికల్ ఎప్పుడు?" అంది బ్యూలా.

"రేపు కాదులే. వాయిదా అడుగుదాం."

బ్యూలా తలూపింది. కిటికీవైపు చూసింది. ఏదో రైలు కూత వినిపించింది. "అమ్మా," అంది. "మెడికల్ ఎప్పుడు?"

విజయ కుమారి మళ్లీ చెప్పింది. సాయంత్రం లోపల ఇంకా చాలాసార్లు చెప్పింది.

ఇంటికి పంపేటప్పుడు డాక్టరు, "ఫిట్స్ జబ్బు కాదు. ఆ మాట నేను రాసిస్తాను," అన్నాడు. ఆమె కళ్లలో నీళ్లు చూసి ఆగాడు. "కానీ కనిపెట్టి ఉండండి. ఈ విషపు గాలి పీల్చినవాళ్లలో కొందరు బాగానే లేచి తిరుగుతారు. కొన్ని వారాలకి మతిమరుపు మొదలై మనిషి మారుతుంది. మారకపోవచ్చు కూడా. ఏం చూస్తే అది వచ్చి చెప్పండి. చిన్నదని వదలకండి."

మెడికల్ వాయిదా పడింది. కొత్త తేదీ ఇంకా రాలేదు. స్నానాల గది గూటికి అట్ట లేదు, పరంజా మీదనుంచి ఎవరు చూస్తే చూడనీ అని విజయ కుమారి ఊరుకుంది. తలుపుకి గడియా లేదు.

కాస్త తెరిపి దొరికాక ఒకరోజు మృత్యుంజయ మేడ ఎక్కింది. "మీరు రాసింది అలాగే వదిలేసి పరిగెత్తారు," అన్నాడు అతను. "తిరిగొచ్చి చూస్తే తెర మీద ఉంది. కరెంటు పోతే మొత్తం పోతుందని పంపేశాను. తప్పా?"

"తప్పు కాదు దాదా."

జవాబులు వరసగా ఉన్నాయి. తలుపు తీయండి. గ్యాసు ఆపండి. అట్ట పీకండి. ప్రేమలో పడ్డాడని వెక్కిరించినవాడు కూడా, ఆంటీ వెంటనే ఇంటికెళ్లండి అని రాశాడు. కంచుగంట రాసింది ఒక్కటే మాట: "ఇది చదువుతూ కూర్చోకండి, లేవండి." దాని కింద మర్నాడు, "అమ్మా, ఉన్నారా?" ఆ మర్నాడు, "అమ్మాయి ఎలా ఉంది?" ఆపైన ఏమీ లేదు.

విజయ కుమారి కుర్చీ ముందుకు లాక్కుంది.

"మా అమ్మాయి బతికింది," అని కొట్టింది. "ఇంటికి తెచ్చుకున్నాం. తింటోంది. నడుస్తోంది. అడిగిందే మళ్లీ అడగడం తగ్గింది. నిన్న పాలు పొయ్యి మీద పెట్టి, పక్కనే నిలబడి, పొంగుతుంటే చూస్తూ ఊరుకుంది. ఎవరైనా ఏదో ఆలోచనలో అలా చేస్తారు. ఈ పొద్దున వర్క్‌షాపు కూత కూసినప్పుడు, నాన్నకి అన్నం డబ్బా కట్టావా అని అడిగింది. వాళ్ల నాన్న పోయి ఏడాది దాటింది. నేను చూస్తే నవ్వేసింది. వేళాకోళానికి అందో, నిజంగా మరిచిపోయిందో నాకు తెలియలేదు. అడగడానికి నాకు భయమేసింది. అడగలేదు."

"అయిందా బౌదీ?" అన్నాడు మృత్యుంజయ.

"లేదు దాదా," అందామె తెర మీంచి కళ్లు తిప్పకుండా. "ఇంకా ఉంది."